సమానుల తోడు – స్త్రీల నాయకత్వము

(పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశమున గావించిన ఉపన్యాస పాఠము)



ఈ వేదికపై ఏటేట పెద్దలు బిడ్డల చదువును గూర్చియు, మాతృభాషను నిలుపుకొను విధమును గూర్చియు ప్రసంగించుచుందురు. అవి ఎన్నిమారులు విన్నను పాతబడని సంగతులే. అయినను ఈనాడు మేము బిడ్డలను కొంతసేపు ప్రక్కనుంచి, వారి తల్లులను గూర్చియు, వారికి చదువు చెప్పుచున్న ఉపాధ్యాయినులను గూర్చియు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. ఉద్యోగమున చేరి పది పదునైదేండ్లు గడచిన స్త్రీ అంతకంటె పెద్ద బాధ్యతను స్వీకరించుటకు ఏమి కావలెను అనునది మా ప్రశ్న. చదువు కావలెను, అనుభవము కావలెను, ఇంటివారి సమ్మతి కావలెను. ఇవన్నియు అందరును చెప్పునవే. వీనితోపాటు మఱియొకటి కావలెనని మా మనవి. అది తనతో సమానులైన కొందరు స్త్రీల తోడు. ఈ తోడు దొరకని చోట తక్కినవన్నియు ఉండియు స్త్రీ నడిదారిలో నిలిచిపోవుచున్నది.

బిడ్డల పాఠశాలకును తల్లుల ఎదుగుదలకును సంబంధమేమని కొందరు అడుగవచ్చును. సంబంధము గలదు. మన రాజ్యాంగములోని 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొను హక్కు నిచ్చినది. 1956లో ఏడవ సవరణముచే చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పించు బాధ్యతను రాష్ట్రములపై నుంచినది. హక్కు గ్రంథములో నున్నది; నిర్వహణము మనుష్యులు చేయవలెను. విద్యాశాఖకు ఉత్తరము వ్రాయువారు కావలెను. తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ నింపించుటకై కార్యాలయము మెట్లెక్కి దిగువారు కావలెను. పాఠ్యపుస్తకములు సకాలమునకు రానపుడు అడుగువారు, ఇల్లిల్లు తిరిగి “మీ బిడ్డను మన బడికి పంపుడు” అని తల్లులను ఒప్పించువారు కావలెను. ఈ పనులను ఇన్నాళ్ళు మోసిన పెద్దలలో పలువురు వృద్ధులైరి. వారి తరువాత ఎవరు అను ప్రశ్న మన ముందున్నది.

మన ఉపాధ్యాయవర్గమున స్త్రీలే అధికము. ఇట్టి సమావేశములకు వచ్చువారిలోను తల్లులే అధికము. అయినను ప్రధానోపాధ్యాయ పదవికో, కార్యవర్గమునకో పేర్లు చెప్పుడనినపుడు వారు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. “మాకెందుకు లెండి, మగవారు చూచుకొందురు” అని ఊరకుందురు. అట్లు ఊరకున్నవారిలో ముప్పదియేండ్లుగా ఇంటి జమాఖర్చులు తప్పులేక నడపినవారున్నారు; అరువదిమంది పిల్లలను ఒక్క చూపుతో నిలుపగలవారున్నారు. వారియందు సామర్థ్యమునకు లోటు లేదు. లోటున్నది మఱియొక చోట.

ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో స్త్రీకి స్నేహమునకు కొదువ యుండదు. కళాశాలలో కలసి చదివినవారు, ఒకే పరీక్షకు కూర్చున్నవారు, ఒకే హాస్టలులో నున్నవారు ఉందురు. పదవీ విరమణమునకు దగ్గరపడినవారికి అనుభవమే అండ. ఇబ్బంది నడుమ నున్నది. ముప్పదియైదు మొదలు ఏబది వరకు గల కాలమున స్నేహితురాండ్రు పెండ్లిండ్లతో, బదిలీలతో చెదరిపోవుదురు. ఇంట బిడ్డల పరీక్షలు, అత్తమామల మందులు, పండుగలు, పబ్బములు పైబడును. సాయంకాలము బడిగంట కొట్టినంతనే ఆమెకు రెండవ ఉద్యోగము ప్రారంభమగును.

అదే వేళకు ఆమెతోడి పురుషోద్యోగి ఏమి చేయునో గమనింపుడు. టీ దుకాణము వద్దనో, బస్టాండులోనో, యూనియను గదిలోనో నిలిచి పది నిమిషములు మాటలాడును. ఆ పది నిమిషములలో ఎవరు బదిలీ యగుచున్నారో, ఏ ఖాళీ రానున్నదో, ఏ కాగితము ఏ బల్లపై నిలిచియున్నదో, ఏ పరీక్షకు గడువెప్పుడో అతనికి తెలియును. ఎవ్వరును ఆమెనుండి దాచలేదు. కాని ఆ పది నిమిషములు ఆమెకు లేవు. దినమునకు పది నిమిషములు చొప్పున పదునైదేండ్లలో ఎంత దూరము పెరుగునో తాము ఊహింపగలరు. తుదకు ప్రమోషను వచ్చినపుడు “ఈయనకు అన్ని సంగతులు తెలియును, ఆమెకు తెలియవు” అని పైవారందురు. ఆ మాట అప్పటికి నిజమే యగును. అది ఎట్లు నిజమైనదో మాత్రము ఎవ్వరును విచారింపరు.

ఇక్కడ ‘సమానులు’ అను మాటను కొంత వివరింపవలసియున్నది. పెద్దల యాశీస్సు వేరు, సమానుల తోడు వేరు. పై యధికారి మంచివాడైనను ఆయన యెదుట “ఈ పని నాకు చేతనగునో కాదో” అని చెప్పుకొనుటకు జంకుదుము; ఆ మాట తరువాత మనపై తీర్పుగా నిలుచునేమో యని భయము. చిన్నవారి యెదుట చెప్పుకొనుటకు మర్యాద యడ్డు వచ్చును. ఇంటివారు ప్రేమ గలవారైనను “అంత కష్టమైనచో మానివేయరాదా” అందురు. అదే మెట్టుపై నిలిచి అదే బరువు మోయుచున్న స్త్రీ మాత్రము “నాకును అట్లే యుండెను, నేను ఈ విధముగా చేసితిని” అనును. ఆ యొక్క వాక్యములో ఓదార్పును ఉపాయమును రెండును గలవు.

ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన తెలుగు స్త్రీలు, అందును ఆంధ్రదేశమునకు వెలుపల నివసించినవారు, ఈ మర్మమును నూఱేండ్లకు పూర్వమే యెఱిగియుండిరి.

భండారు అచ్చమాంబగారి జీవితమును తలచుకొందము. ఆమె 1874లో జన్మించి, పెండ్లి తరువాత భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో నివసించిరి. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపురమున ఆమె యింట నుండి చదువుకొనిరి. ఆమె బడికి పోయి చదివినవారు కారు. తమ్ముని చదువుతో పాటు తామును చదువు నేర్చిరి. చుట్టును మరాఠీ, హిందీ మాటలాడువారు. తెలుగు స్త్రీలు అరుదు. అట్టి చోట నుండి ఆమె స్త్రీల చరిత్రములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిరి. గ్రంథరచనతో తృప్తి చెందియుండిన ఆమె గొప్ప రచయిత్రిగా మాత్రమే మిగిలియుందురు. కాని 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలసి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. పిమ్మట పలు పట్టణములు తిరిగి స్త్రీసమాజముల స్థాపనకు పాటుపడిరి. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే కాలధర్మము చెందిరి. అంత కొద్దికాలములో ఆమె తన పేరిట మఠమొకటి కట్టుకొనక, స్త్రీలు ఒకచోట కూర్చుండి చదువుకొని మాటలాడుకొను సమాజములను పెట్టుటకు పూనుకొనుట గమనింపదగినది. ఇంటిలో ఒంటరిగా చదువుకొన్న స్త్రీ కనుకనే, తోడు లేని చదువు ఎంత దూరము పోగలదో ఆమె ఎఱిగియుండిరని మేము తలచుచున్నాము.

ఇక మద్రాసు సంగతి. 1917 మే నెలలో అడయారున మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస, అనీ బెసెంటు మొదలగువారు భారత మహిళా సంఘమును స్థాపించిరి. ‘స్త్రీధర్మ’ యను పత్రికను నడపి, అందు ఆంగ్లముతో పాటు దేశభాషలలోను వ్యాసములు ప్రకటించిరి. ఆ యేడాదియే డిసెంబరులో సరోజినీ నాయుడుగారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము మద్రాసున మాంటేగు మంత్రిని కలిసికొని స్త్రీలకు ఓటుహక్కు కావలెనని యడిగెను. 1921లో మద్రాసు రాష్ట్రమున స్త్రీలకు ఓటుహక్కు లభించెను.

అటుపిమ్మట శాసనమండలిలో స్త్రీకి స్థానము కల్పింపవలసిన సమయము వచ్చినపుడు ఆ సంఘము డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పేరును సూచించెను. ఆమె 1886లో జన్మించి, 1912లో వైద్యపట్టము పొంది, అప్పటికి పేరుప్రతిష్ఠలు గడించిన వైద్యురాలు. వయస్సు సుమారు నలుబది. చేతినిండ పని. వృత్తికి భంగము కలుగునని ఆమె తొలుత సంకోచించిరి. తోడి స్త్రీలు ఆమె పేరు పలికియుండకపోయిన ఆమె తనంతట తాను పోయి అడిగియుండెడివారా? సందేహమే. శాసనమండలిలో ప్రవేశించిన పిమ్మట 1927లో ఆమె ఉపాధ్యక్షురాలుగా ఎన్నికైరి. దేవదాసీ దురాచార నిర్మూలనమునకై ఆమె సభలో ప్రారంభించిన ప్రయత్నము 1947 నాటి మద్రాసు చట్టముతో సఫలమయ్యెను. 1954లో అడయారు కాన్సరు వైద్యాలయము ఆమె పూనిక వలననే వెలసెను. నడివయసున ఒక వైద్యురాలు రాష్ట్రనాయకురాలగుటకు మొదటి కారణము, ఆమె పేరును పదిమందిలో పలుకుటకు తోడి స్త్రీలు ఉండుట. సమానుల తోడు వలన కలుగు లాభములలో దీనిని మేము మిక్కిలి పెద్దదిగా నెంచుచున్నాము. మన పేరు మనము చెప్పుకొనుటకు సిగ్గుపడుదుము. మనము లేని గదిలో మన పేరు చెప్పువారుండవలెను.

మూడవ ఉదాహరణము దుర్గాబాయమ్మగారిది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె 1930 నాటి ఉప్పు సత్యాగ్రహమున మద్రాసులో పాల్గొని చెరసాలకు పోయిరి. విడుదలైన పిమ్మట, ఇతరులు చదువు ముగించు వయస్సున ఆమె చదువు ప్రారంభించిరి. కాశీ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ. చదువ సంకల్పించిరి. స్త్రీలకు హాస్టలు లేనందున చేర్చుకొనుట కష్టమని అక్కడి యధికారులు చెప్పిరి. అప్పుడామె ఏమి చేసిరనుకొన్నారు? హాస్టలు లేక చదువు మానుకొన్న యువతులెవరైన నున్నచో తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటించిరి. జాబులు వచ్చెను. ఆ యువతులందరు కూడి తమ వసతిని తామే యేర్పాటు చేసికొని చదువున చేరిరి. ఒంటరిగా నిలిచి అర్జీ పెట్టుకొన్నచో ఆమె యొక్కతె సమస్య; తనవంటివారిని వెదకి కలుపుకొనగా అది విశ్వవిద్యాలయము తీర్పవలసిన సమస్య యయ్యెను.

తరువాత ఆమె మద్రాసున న్యాయశాస్త్రము చదివి 1942లో పట్టము పొందిరి. అంతకు ముందే 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించియుండిరి. ఆ నగరమున నివసించు తెలుగు ఇండ్లలోని స్త్రీలు, చదువు సగములో ఆగినవారు, వితంతువులు, భర్తచే విడువబడినవారు అందు చేరి కాశీ మెట్రిక్యులేషనుకు చదివిరి. పిమ్మట ఆమె రాజ్యాంగసభలో సభ్యురాలైరి. ఆ సభలో పదునైదుగురు స్త్రీలుండగా, మద్రాసు రాష్ట్రమునుండి ఆమెతో పాటు అమ్ము స్వామినాథన్, దాక్షాయణీ వేలాయుధన్ గార్లు ఉండిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైరి. 1958లో ఆ మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా తరగతులను ప్రవేశపెట్టినపుడు, మైలాపూరులో చిన్నదిగా సాగిన ప్రయత్నము దేశమంతటికి ప్రాకినదని చెప్పవచ్చును. ముప్పదియేండ్ల స్త్రీని పదేండ్ల పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టినచో ఆమె చదువదు. తనవంటి ముప్పదియేండ్ల స్త్రీల నడుమ కూర్చుండబెట్టినచో చదువును. ఈ తరగతుల బలమంతయు అందే యున్నది.

పూర్వుల కథలు చెప్పుట సులభము, నేటి కాలమునకు నిదర్శనమేది యని యువతులు అడుగవచ్చును. రెండు పరిశోధనములను మనవి చేసెదము.

అహమదాబాదున 1972లో ఇలా భట్టుగారు ‘సేవ’ యను స్వయం ఉపాధి స్త్రీల సంఘమును స్థాపించిరి. 1974లో 4,000 మంది శ్రామిక స్త్రీలు తలకు 10 రూపాయల చొప్పున వేసికొని సేవ బ్యాంకును నెలకొల్పిరి. ఆ బ్యాంకు ఖాతాదారులలో కొందరికి రెండు దినములు వ్యాపారమును గూర్చి శిక్షణ నిచ్చిరి. శిక్షణకు వచ్చినవారిలో కొందరిని ఒంటరిగా రమ్మనిరి. కొందరిని ఒక స్నేహితురాలిని తోడు తెచ్చుకొమ్మనిరి. ఎవరిని ఎట్లు పిలువవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. నాలుగు నెలల తరువాత చూడగా, స్నేహితురాలితో వచ్చినవారు వ్యాపారమునకై అప్పు తీసికొని, పని పెంచుకొని, కుటుంబపు రాబడి పెరిగినదని చెప్పిరి. ఒంటరిగా వచ్చినవారిలో అట్టి మార్పు కనబడలేదు. ఇల్లు దాటి పోవుటకు కట్టుబాట్లు అధికముగా గల స్త్రీలకు ఈ మేలు మఱింత హెచ్చుగా కలిగెను. ఎరికా ఫీల్డ్, సీమా జయచంద్రన్, రోహిణీ పాండే, నటాలియా రిగోల్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ఫలితములను 2016లో ప్రకటించిరి. పాఠమొక్కటే, గురువొక్కడే, ప్రక్కన కూర్చున్న మనిషి వలననే భేదము కలిగెను.

రెండవది అమెరికాలో జరిగినది. నితేష్ చావ్లా, బ్రయన్ ఉజ్జి మొదలగువారు వ్యాపారనిర్వహణ విద్య ముగించి ఉద్యోగములలో చేరిన 700కు పైబడిన స్త్రీపురుషుల స్నేహసంబంధములను పరిశీలించి 2019లో ప్రకటించిరి. పురుషులకు పలువురితో పరిచయము గలిగియుండుటయే చాలియుండెను. స్త్రీలకు అది చాలలేదు. పలువురితో పరిచయముతో పాటు ఒకరిద్దరు లేక ముగ్గురు స్త్రీలతో గాఢమైన స్నేహము గలవారు పెద్ద పదవులను పొందిరి; ఈ రెండును లేనివారితో పోల్చగా వారి పదవీస్థాయి రెండున్నర రెట్లు హెచ్చుగా నుండెను. అది యువతులను గూర్చిన పరిశీలనము. నడివయసువారికి లెక్క అట్లే సరిపోవునని మేము చెప్పజాలము. కాని అందలి మఱియొక సంగతి మనకు మిక్కిలి పనికివచ్చును. ఆ ముగ్గురు స్నేహితురాండ్రకు వేర్వేరు చోట్ల వేర్వేరు పరిచయములున్నపుడే లాభమెక్కువ. ఎల్లప్పుడు ఆ నలుగురే ఆ నలుగురితోనే మాటలాడుచుండినచో క్రొత్త సంగతి ఎక్కడనుండి వచ్చును?

ఈ తోడు వలన ఏయే మేలు కలుగునో ఇపుడు కొంత విడమరచి చెప్పెదము.

మొదటిది, పుస్తకములలో లేని జ్ఞానము. సర్వీసు రిజిస్టరులో ఏ నమోదు తప్పిపోయిన ఇంక్రిమెంటు ఆగునో, డిపార్టుమెంటు పరీక్షకు ఎప్పుడు కట్టవలెనో, ఇన్స్పెక్షనులో వచ్చిన వ్యాఖ్యకు సమాధానమెట్లు వ్రాయవలెనో, ఆడిటువారికి ఏ కాగితము ముందుగా చూపవలెనో, ఇవన్నియు ఒకరినుండి ఒకరికి నోటిమాటగా వచ్చునవి. టీ దుకాణము వద్ద నిలువలేని స్త్రీలకు ఇవి వేఱొక చోట దొరకవలెను.

రెండవది, మాటలాడు అలవాటు. పెద్దసభలో లేచి తన యభిప్రాయమును చెప్పవలసిన స్త్రీ ముందుగా ఆఱుగురి నడుమ చెప్పి చూచుకొనుట మేలు. అక్కడ తడబడినను నష్టము లేదు. “ఈ వాదము నిలువదు, అంకెలు తెచ్చుకో” అని చెప్పు స్నేహితురాలు, పొగడు పదిమంది కంటె మేలు చేయును. నాయకత్వమనగా ఆజ్ఞాపించుట యని కొందరు తలచెదరు. తన యాలోచనను నలుగురిలో నిలిపి, ఎదురుమాటను విని, సవరించుకొని, తుదకొక నిర్ణయమునకు కట్టుబడుట నాయకత్వమని మా యభిప్రాయము. అది అభ్యాసము వలన వచ్చును. అభ్యాసమునకు చోటు కావలెను.

మూడవది, ఇంతకు ముందు ముత్తులక్ష్మీరెడ్డిగారి విషయమున చెప్పినట్లు, పేరు పలుకుట. నాలుగవది, పనిని పంచుకొనుట. శనివారము పరీక్షకు పోవు ఉపాధ్యాయిని బిడ్డను పొరుగు తల్లి చూచుకొనుట చిన్న సంగతిగా కనబడును. ఎన్ని పరీక్షలు అట్టి చిన్న సాయము లేక వ్రాయబడక పోయినవో లెక్కించినవారు లేరు.

మన భాషాసంఘమునకు మాత్రమే చెందిన విశేషమొకటి గలదు. మన స్త్రీలు కార్యాలయములలోను ఆసుపత్రులలోను రాష్ట్రభాషలోనో ఆంగ్లములోనో పని చేయుదురు. అందు వారికి చక్కని ప్రవేశమున్నది. కాని ఇంకను ముడి విప్పుకొనని సందేహమును, సగము రూపుకట్టిన యాలోచనను మనుష్యుడు మాతృభాషలోనే స్వేచ్ఛగా చెప్పుకొనగలడు. బడి నడుపుకొనుటకు మనకు తెలుగు కావలెనని చెప్పుచుందుము. తల్లులు తమ పనిని గూర్చి గంభీరముగా మాటలాడుకొనుటకు కూడ తెలుగు ఉపయోగపడిననే ఆ భాష వంటయింటికిని పూజగదికిని మాత్రమే పరిమితము కాక నిలుచును. బిడ్డలు చూచునది అదియే. తల్లి తెలుగులో సభ నడపుట చూచిన బిడ్డకు తెలుగు చదువవలెనని వేఱుగా బోధింపనక్కఱలేదు.

ఆక్షేపణములు లేకపోలేదు. ఆడవారు పదిమంది చేరిన పుకార్లు తప్ప పని యేమి జరుగునని కొందరందురు. పని నిర్ణయించుకొనక చేరినచో ఎవరు చేరినను జరుగునది పుకార్లే. మగవారి చావడియు ఇందుకు సాక్ష్యమిచ్చును. సంఘము ముఠాగా మారునని మఱికొందరి భయము. ఇది ఆలోచింపదగినది. అందుకే వలయమున ఒకే వీథివారు, ఒకే కార్యాలయమువారు, ఒకే కులమువారు చేరరాదు. మూడవ యాక్షేపణము అన్నిటికంటె బలమైనది: స్త్రీలు ఒకరి కొకరు సాయము చేసికొన్నంతమాత్రమున న్యాయము జరుగునా? జరుగదు. ప్రసూతి సెలవు, పసిపిల్లల సంరక్షణము, భద్రత, పదోన్నతిలో సమదృష్టి, ఇవి యజమానులును ప్రభుత్వమును చేయవలసినవి. స్నేహము వానికి బదులు కాజాలదు. అయినను ఆ న్యాయమును అడుగుటకైన పదిమంది కూడవలెను గదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకు కూడిన పల్లె స్త్రీలే సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధమునకు దారితీసెను. కూడినది పలక పట్టుటకు; కూడినందున కలిగిన బలము మఱియొక పనికి వచ్చెను.

కావున ఈ సభవారి యెదుట మా సూచన యిది. మన పాఠశాలలో ఈ విద్యాసంవత్సరమునుండి తల్లులును ఉపాధ్యాయినులును ఆఱుగురు మొదలు ఎనిమిదిమంది వరకు గల చిన్న వలయములుగా నేర్పడవలెను. నెలకొకమారు, రెండవ శనివారము, గంటన్నర కాలము ఒక తరగతి గదిలో కూడవలెను. ప్రతి వలయమున ఒక ఉపాధ్యాయిని, ఒక గుమాస్తా, ఒక నర్సు, ఒక దుకాణదారు, ఇంటిపట్టున నున్న ఒక తల్లి, ఈ విధముగా వేర్వేరు పనులవారుండవలెను. వీలైన చోట మన భాష కాని పొరుగింటి సోదరిని గూడ పిలువవలెను; ఈ ఊరి లోకజ్ఞానము మనకంటె ఆమెకు హెచ్చు.

కూడినపుడు ఏమి చేయవలెను? ఒక్కొక్కమారు ఇద్దరు తమ పనిలోని ఒక్కొక్క చిక్కును చెప్పవలెను. తక్కినవారు సలహా లిచ్చుటకు ముందు ప్రశ్నలడుగవలెను. అడుగకముందే చెప్పు సలహా చాలవరకు మన గొప్ప చెప్పుకొనుటయే. తుదకు ఆమె వచ్చు నెలలోగా ఏమి చేయునో ఒక వాక్యము నోటు పుస్తకములో వ్రాసికొనవలెను. మరుసటి నెల మొదటి ప్రశ్న దానిని గూర్చియే. అక్కడ చెప్పిన మాట గడప దాటరాదు. ఇంటి గుట్టు, తోడివారిపై నిందలు తేరాదు. అధ్యక్షత నెలకొకరిది, ఎంత మొగమాటస్థురాలైనను తన నెల వచ్చినపుడు సభను నడపవలెను. సంవత్సరాంతమున ప్రతి వలయము, కార్యవర్గమునకు గాని ఉపసంఘములకు గాని తగినవారని ఇద్దరి పేర్లను, వారు చేసిన పనులతో సహా, వ్రాసి పంపవలెను. సంఘపు పెద్దలు ఆ పేర్లను మర్యాదకు విని ప్రక్కనుంచక, ఎన్నికలో నిలుపవలెనని వారిని ప్రార్థించుచున్నాము.

తండ్రులకు ఒక్క మనవి. నెలకొక శనివారము గంటన్నర సేపు బిడ్డలను తాము చూచుకొనవలెను. “పో, పోయి రా” అని అనుమతి నిచ్చుట చాలదు. ఆమె తిరిగి వచ్చునప్పటికి అంట్లగిన్నెలు అట్లే పడియున్నచో ఆ యనుమతికి విలువ లేదు. తమకు టీ దుకాణము వద్ద దొరకు పది నిమిషములలో తెలిసిన సంగతులను ఇంటికి తెచ్చి ఆమెకు చెప్పుటయు గొప్ప సాయమే.

ఉపాధ్యాయినులకు మఱియొక మనవి. మీలో ఒకరు ప్రధానోపాధ్యాయిని యైనపుడు తక్కినవారు దూరమగుట చూచుచుందుము. నిన్నటి వరకు కలసి భోజనము చేసిన స్నేహితురాలు నేడు అధికారి యైనదని మాటలు తగ్గును. పదవి వచ్చిన దినమున స్నేహము పోవునని తెలిసిన స్త్రీ పదవిని కోరదు. ఆమె పొరపాటు చేసిన నేరుగా చెప్పుడు. మంచి చేసిన పదిమందిలో చెప్పుడు. మధ్యాహ్న భోజనమునకు మాత్రము పూర్వమువలెనే పిలువుడు. మన బడికి రాబోవు ప్రధానోపాధ్యాయినులు నేడు మీ నడుమనే కూర్చుండియున్నారు. వారు లేచి నిలుతురా లేదా యనునది వారియొక్క ధైర్యము కంటె, ప్రక్కన కూర్చున్న మీ పైననే హెచ్చుగా ఆధారపడియున్నది.

ఈ యుపన్యాసము ముగిసిన పిమ్మట ద్వారమువద్ద నున్న బల్లపై ఒక పుస్తకముంచబడును. వలయములలో చేరదలచిన తల్లులు, ఉపాధ్యాయినులు అందు తమ పేరును, తాము చేయు పనిని, తమకు వీలగు వేళను వ్రాయవలసినదిగా కోరుచున్నాము. ఒంటరిగా వ్రాయుటకు సంకోచించువారు ప్రక్కనున్నవారి చేయి పట్టుకొని వెళ్ళి ఇద్దరి పేర్లును వ్రాయుదురు గాక.